ముందు ఎవరికి వారే

ద్వారకలోనో పట్‌పర్‌గంజ్‌లోనో, నోయిడాలోనో ఇందిరాపురంలోనో కాపురముంటున్న తెలుగువాళ్ళకు ఆదివారం పొద్దుటి సొసైటీ మీటింగు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడవారగా చాయ్, సమోసాలు. అజెండాలో ఒకటే అంశం: ఎండాకాలం నీళ్ళు చాలడం లేదు, ఏం చేద్దాం? 'ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి' అంటారు ప్రెసిడెంటుగారు. మొదటి వరసలోని రిటైర్డ్ ఆఫీసరుగారు లేచి జల్ బోర్డుకు ఇంకో ఉత్తరం రాద్దామంటారు, పాత ఉత్తరాల తేదీలన్నీ వరసగా వినిపిస్తారు. ఒకాయన బోరు అంటాడు. పర్మిషన్ ఎవరిస్తారని ఇంకొకాయన లేస్తాడు. అక్కణ్ణించి మాట పార్కింగు మీదికి జారుతుంది. నలభై మందిలో నోరు విప్పేది ఆరుగురు. మధ్యాహ్నం భోజనాల వేళకి అందరికీ విసుగొచ్చి, ట్యాంకర్లు పెంచడానికే చేతులెత్తి ఓటేసి ఇళ్ళకు పోతారు. పనికొచ్చే ఆలోచనలు సాయంత్రం వాట్సాప్‌లో మొదలవుతాయి. అవీ గ్రూపులో కాదు, విడిగా ఇద్దరిద్దరి మధ్య.

ఆ నలభై మందిలో తెలివికి కరువేమీ లేదు. ఇంజినీర్లు, టీచర్లు, అకౌంటెంట్లు, మంత్రిత్వ శాఖల్లో ముప్పయ్యేళ్ళు ఫైళ్ళు నడిపినవాళ్ళు ఉంటారు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగితే చెప్పగలిగిన సంగతులు అందరూ కలిసి కూర్చోగానే ఎటు పోతున్నాయి? మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను 1950ల నుంచీ ప్రయోగశాలలో కొలుస్తూనే ఉన్నారు. వాళ్ళకు దొరికిన జవాబు మన సామెతలకు ఎంత దగ్గరగా ఉంటుందో, మీటింగులు నడిపే పద్ధతికి అంత దూరంగా ఉంటుంది.

'బ్రెయిన్‌స్టార్మింగ్' అనే మాటను లోకానికి అలవాటు చేసింది అలెక్స్ ఆస్బోర్న్ అనే అమెరికన్ ప్రకటనల వ్యాపారి. బీబీడీఓ అనే యాడ్ ఏజెన్సీ పేరులోని 'ఓ' ఆయనే. 1942లో ఒక చిన్న పుస్తకంలో, 1953లో 'అప్లైడ్ ఇమేజినేషన్' అనే పెద్ద పుస్తకంలో ఆయన నాలుగు నియమాలు పెట్టాడు. ఎవరేం చెప్పినా అప్పటికప్పుడు తప్పు పట్టకూడదు. వెర్రి ఊహలైనా సరే రానివ్వాలి. నాణ్యం సంగతి తర్వాత, ముందు సంఖ్య పెరగాలి. ఒకరి ఊహ మీద ఇంకొకరు కట్టుకుంటూ పోవాలి. ఇలా చేస్తే మామూలు మనిషి కూడా ఒంటరిగా ఉన్నప్పటికంటే గుంపులో రెట్టింపు ఆలోచనలు చేస్తాడని ఆయన ధీమా. ప్రకటనల వాడు కదా, తన సరుకును కూడా బాగానే అమ్ముకున్నాడు. ఇప్పుడు గురుగ్రామ్ ఆఫీసుల్లో గోడలకు రంగు చీటీలు అంటించే వర్క్‌షాపులన్నింటికీ మూలపురుషుడు ఆయనే.

ఆ ధీమాను 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ టేలర్, పాల్ బెర్రీ, క్లిఫర్డ్ బ్లాక్ పరీక్షకు పెట్టారు. 48 మందిని నలుగురేసి చొప్పున 12 బృందాలు చేసి, ఆస్బోర్న్ నియమాల ప్రకారం కూర్చోబెట్టారు. ఇంకో 48 మందిని ఎవరికి వారిని విడిగా కూర్చోబెట్టి అవే ప్రశ్నలిచ్చారు. ప్రశ్నల్లో ఒకటి సరదాగా ఉంటుంది: మనిషి చేతికి ఇంకో బొటనవేలు మొలిస్తే సుఖమేమిటి, కష్టమేమిటి? తర్వాత విడివిడిగా రాసినవాళ్ళ కాగితాలను నాలుగేసి కలిపారు, ఒకే ఊహ రెండుసార్లు వస్తే ఒక్కసారే లెక్కవేశారు. అంటే ఈ రెండో రకం 'బృందం' కాగితం మీదే ఉంది, ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా ఈ కాగితపు బృందాలకు వచ్చిన ఆలోచనలు, కలిసి కూర్చున్నవాళ్ళకు వచ్చినవాటికి దాదాపు రెట్టింపు. ఆస్బోర్న్ చెప్పిన అంకె సరిగానే ఉంది, తక్కెడలో సిబ్బె మాత్రం అటుది ఇటు మారింది.

ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు దీన్ని ఎన్నిసార్లు తిప్పి చేసినా ఫలితం ఇంచుమించు ఇదే. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను 1991లో బ్రయన్ మల్లెన్, అతని సహచరులు ఒక్కచోట చేర్చి లెక్కగట్టారు. గుంపు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. పెత్తనం చేసే మనిషి గదిలో ఉంటే ఇంకా పెరుగుతుంది. కాగితం మీద రాయకుండా నోటితో చెప్పాల్సి వస్తే మరీను. నలభై మంది, వేదిక మీద ప్రెసిడెంటుగారు, చేతిలో మైకు: సొసైటీ మీటింగులో ఈ మూడూ కలిసే ఉంటాయి.

ఎందుకిలా జరుగుతుంది? మొదట అనుమానించవలసింది బద్ధకాన్ని. పదిమందిలో పాము చావదని మనవాళ్ళు ఏనాడో అన్నారు. 1979లో బిబ్ లటానే, కిప్లింగ్ విలియమ్స్, స్టీఫెన్ హార్కిన్స్ దీన్ని పాములు లేకుండానే కొలిచారు. విద్యార్థులను గొంతెత్తి అరవమన్నారు, చప్పట్లు కొట్టమన్నారు. ఒక్కడే ఉన్నప్పుడు చేసిన చప్పుడు నూరు పాళ్ళనుకుంటే, ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరి వాటా 71 పాళ్ళకు, నలుగురున్నప్పుడు 51కి, ఆరుగురున్నప్పుడు 40కి పడిపోయింది. ఆ తర్వాత కళ్ళకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, అరుస్తున్నది నిజానికి ఒక్కడే అయినా 'నీతోపాటు ఇంకా ఉన్నారు' అని నమ్మించారు. అప్పుడూ గొంతు తగ్గింది. పక్కన మనుషులుండనక్కర్లేదు, ఉన్నారన్న ఊహ చాలు.

రెండో అనుమానం బెరుకు. తప్పు పట్టకూడదని నియమం పెట్టినంత మాత్రాన ఎదుటివాళ్ళ కనుబొమలు కదలకుండా ఉంటాయా? హిందీ అంతంతమాత్రంగా వచ్చే మన అత్తగారో, కొత్తగా అద్దెకు దిగిన కుర్రాడో నిలబడి మాట్లాడాలంటే ముందు నాలుగుసార్లు మనసులో వల్లె వేసుకోవాలి. ఆ లోపల సందర్భం దాటిపోతుంది.

ఈ రెండూ నిజమే. కానీ అసలు దొంగ వేరే ఉన్నాడని 1987లో జర్మనీలో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రూబ తేల్చారు. వాళ్ళ ప్రయోగం ముచ్చటగా ఉంటుంది. మనుషులను వేరువేరు గదుల్లో ఉంచారు, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. కొన్ని బృందాల్లో మాత్రం దీపాలు పెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా గదుల్లో ఎర్రదీపం వెలుగుతుంది, అది ఆరేదాకా నోరు మెదపకూడదు. దీపం అడ్డులేనివాళ్ళు ఒంటరిగా పనిచేసేవాళ్ళలాగే ఆలోచనలు గుప్పించారు. దీపం కింద వంతు కోసం కాచుకున్నవాళ్ళకు వచ్చినవి వాటిలో సగానికి అటూ ఇటూ. బద్ధకం, బెరుకు అందరికీ ఒకటే. తేడా అంతా ఆ కాచుకోవడంలో ఉంది.

కాచుకుంటున్నప్పుడు బుర్రలో జరిగేది తేలిగ్గానే అర్థమవుతుంది. మనకొక ఊహ వచ్చింది. మాట్లాడే వంతు ఇంకా రాలేదు. ఆ ఊహ జారిపోకుండా పట్టుకోవాలి, ఈలోగా ఎదుటాయన ఉపన్యాసం వినాలి, తను చెప్పదలచుకున్నది ఆయనే చెప్పేశాడా అని కూడా చూసుకోవాలి. అప్పటికప్పుడు పట్టి ఉంచుకునే జ్ఞాపకానికి చోటు చాలా ఇరుకు. అందులో ఒకటి పెట్టుకుని కూర్చుంటే రెండోది పుట్టదు. గంట మీటింగులో నలభై మందికి సమానంగా పంచినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. తక్కిన యాభై ఎనిమిదిన్నర నిమిషాలూ ఎర్రదీపమే.

ఇంతా చేసి, గుంపులో కూర్చున్నవాళ్ళను అడిగితే 'మేం భలే ఆలోచించాం' అంటారు. పాల్ పౌలస్ అనే పరిశోధకుడు ఈ భ్రమను చాలాసార్లు నమోదు చేశాడు. నలుగురి మధ్యా ఉన్నప్పుడు మాట ఆగదు కాబట్టి బుర్ర ఆగిపోయిన సంగతి తెలియదు. పక్కవాడు చెప్పింది కూడా కొంతసేపటికి మనకే తోచినట్టుంటుంది. మీటింగులకు ఇన్ని దశాబ్దాలుగా కాలం చెల్లకపోవడానికి నా లెక్కలో సగం కారణం ఇదే. మిగతా సగం సమోసాలు.

కాబట్టి మందు గొంతులో లేదు, కాగితంలో ఉంది. 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే జర్మన్ ఒక పద్ధతి రూపొందించాడు. దాని పేరే 6-3-5. ఆరుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు మూడు నిలువు గళ్ళు గీసిన కాగితం. ఐదు నిమిషాల్లో మాటా మంతీ లేకుండా ఒక్కో గడిలో ఒక్కోటి చొప్పున మూడు ఆలోచనలు రాయాలి. గంట కొట్టగానే కాగితం కుడిచేతివైపు వాళ్ళకు పోతుంది, ఎడమవైపు నుంచి ఇంకోటి వస్తుంది. వచ్చినదాన్ని చదివి దాని కింద మళ్ళీ మూడు. ఆరు విడతలయ్యేసరికి అరగంటలో 108 గళ్ళు నిండుతాయి. అందులో సగం చెత్త అనుకున్నా, చేతులెత్తే మీటింగు ఏడాదిలో ఇవ్వలేనన్ని మిగులుతాయి. 2000లో పౌలస్, యాంగ్ ఇలాంటి కాగితం మార్పిడిని పరీక్షిస్తే, కలిసి కూర్చుని రాసినవాళ్ళు విడివిడిగా రాసినవాళ్ళను కూడా మించారు. వంతు కోసం కాచుకునే పని లేదు, పక్కవాడి ఊహ మాత్రం అందుతోంది. ఒకరి ఊహ మీద ఇంకొకరు కట్టుకోవాలన్న ఆస్బోర్న్ నాలుగో నియమానికి చివరికి ఇక్కడ కాస్త న్యాయం జరిగింది.

ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం. ద్వారకలో ఓ సొసైటీ అనుకోండి. ప్రశ్న నీళ్ళదే. మొదటి నిలువు గడిలో పైన ఒక టీచరమ్మ రాసింది: 'ట్యాంకరు రాత్రి పదకొండింటికి రాకూడదు, ఆ చప్పుడుకి పిల్లలు లేస్తున్నారు. పగలు రప్పించండి.' ఆమె గోల నిద్రగురించే తప్ప నీళ్ళగురించి కాదు. ఆమె పక్కనున్న అకౌంటెంటు దాని కింద రాశాడు: 'పగలైతే వాడు నిజంగా ఎన్ని లీటర్లు దింపుతున్నాడో చూడొచ్చు. సంపులో గీతలు పెట్టిన కర్ర ఒకటి దించుదాం.' మూడో ఆయన: 'కర్ర మీది గీత రోజూ పొద్దున, సాయంత్రం గార్డు రూములో నోటుబుక్కులో రాయాలి.' నాలుగో ఆవిడ: 'ఏ టవరుకు ఎంత పోతోందో కూడా రాస్తే, ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి పోయేది ఎక్కడో తెలుస్తుంది.' ఐదో కుర్రాడు: 'టవరుకొక మీటరు. ముందు ఒక్క టవరుకే పెట్టి చూద్దాం.' ఆరో ఆయన చేతికొచ్చేసరికి గడి అడుగున కొంచెమే చోటుంది. ఆయన రాసింది: 'జల్ బోర్డు నీళ్ళు ఎన్నింటికి వస్తున్నాయో అదే బుక్కులో రాయండి.'

నిద్రతో మొదలై లెక్కల పుస్తకం దాకా వచ్చింది. ఇదే మీటింగులో అయితే టీచరమ్మ మాటకు 'అమ్మా, ఇప్పుడు నీళ్ళ సంగతి మాట్లాడుతున్నాం' అని మైకు లాక్కునేవాళ్ళు. ఈ నోటుబుక్కు దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఇక్కడొక పక్కమాట. తప్పు పట్టకూడదన్న మొదటి నియమాన్ని మరీ మడిగా పాటించనక్కర్లేదు. షార్లన్ నెమెత్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికాలోనూ ఫ్రాన్సులోనూ బృందాలకు ట్రాఫిక్ రద్దీని తగ్గించే ఉపాయాలు అడిగారు. కొందరికి ఆస్బోర్న్ నియమాలు చెప్పారు. కొందరికి మాత్రం 'వాదించుకోండి, ఒకరినొకరు విమర్శించుకోండి' అన్నారు. వాదించుకున్నవాళ్ళకే ఎక్కువ తోచాయి. ఢిల్లీ వాళ్ళకు ఈ సంగతి విడిగా నేర్పక్కర్లేదు. ఊహను తిట్టడానికీ ఊహించినవాణ్ణి తిట్టడానికీ మధ్య గీత గీయడమే ఇక్కడ కొంచెం కష్టం.

ఈ పద్ధతులు ఉద్యోగం చేసే చోట వేళ్ళూనుకున్న కథలో మన తెలుగు నేలకు పెద్ద వాటా ఉంది. 1962లో జపాన్‌లో కవోరు ఇషికావా చొరవతో 'క్వాలిటీ సర్కిళ్ళు' మొదలయ్యాయి. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు వారానికోసారి కూర్చుని తమ పనిలోని చిక్కును తామే ఎంచుకుని, కారణాలు వెతికి, మందు వేసుకుంటారు. ఇండియాలో ఇది 1980లో హైదరాబాద్ పక్కన రామచంద్రాపురం భెల్ కర్మాగారంలో అడుగుపెట్టింది. తెచ్చినవారు అక్కడి జనరల్ మేనేజరు ఎస్.ఆర్. ఉడుప. రెండేళ్ళకు, 1982లో, సికిందరాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా పుట్టింది. అదే ఏడాది సుజుకీతో ఒప్పందం కుదుర్చుకున్న మారుతీ ఉద్యోగ్, 1983 డిసెంబరులో గుర్గావ్ నుంచి తొలి కారు బయటికి పంపింది. మారుతీకి తొలి సారథి వి. కృష్ణమూర్తి, 1970లలో భెల్‌ను నడిపినవారే. అందరికీ ఒకే యూనిఫారం, ఒకే క్యాంటీను, కార్మికుల సలహాల పథకం, క్వాలిటీ సర్కిళ్ళు: ఉత్తరాది ఫ్యాక్టరీ గేట్ల వెనక అంతకుముందు చూడని సంగతులివి.

సర్కిళ్ళలో వాడే పనిముట్లలో ఇషికావా పేరుమీదే ఉన్న చేపముల్లు బొమ్మ ఒకటి. తల దగ్గర సమస్య రాస్తారు. ఎముకల మీద కారణాలు: మనిషి, యంత్రం, సరుకు, పద్ధతి. దాని గొప్పంతా ఎక్కడుందంటే, బొమ్మ నిండేదాకా ఎవరూ మందు చెప్పరు. సొసైటీ మీటింగులో మొదటి మాటే మందు. 'బోరు వేద్దాం', 'కెమెరా పెడదాం', 'గేటు మూసేద్దాం'. రోగం ఏమిటో ఎవరూ అడగరు.

ఇక ఎంపిక. నూటెనిమిది గళ్ళు నిండాయి, అందులోంచి ఒకటి తీయాలి. ఇక్కడ మనిషి కొత్త చిక్కులు పడతాడు. ఎరిక్ రీట్‌షెల్, బెర్నార్డ్ నైస్టాడ్, స్ట్రూబ చూపించినదాన్ని బట్టి, చక్కటి కొత్త ఊహలు బల్లమీద ఉన్నా జనం ఎంచుకునేది తేలిగ్గా చేయగలిగినదాన్నే. అందుకే ట్యాంకరు ఎప్పుడూ గెలుస్తుంది.

చేతులెత్తడం దాన్ని ఇంకా పాడుచేస్తుంది. నలుగురితో నారాయణ అన్నది మన పెద్దల లోకజ్ఞానం. 1951లో సాలమన్ ఆష్ దాన్ని గీతలతో కొలిచాడు. చూపించిన గీతకు ఏ గీత సమానమో కంటికి స్పష్టంగా తెలుస్తున్నా, ముందున్నవాళ్ళంతా కూడబలుక్కుని తప్పు చెబితే, మూడింట ఒక వంతు సార్లు అసలు మనిషి కూడా ఆ తప్పే చెప్పాడు. గుంపులో ఒక్కడు నిజం చెప్పినా ఆ మెత్తదనం చాలావరకు పోయింది. జవాబు కాగితం మీద రాసుకోనిస్తే అప్పుడూ తగ్గింది. 2015లో ఢిల్లీ ప్రభుత్వం 11 నియోజకవర్గాల్లో మొహల్లా సభలు పెట్టి, పేటకు ముందు ఏ పని కావాలో జనాన్నే అడిగినప్పుడు ఆ ఉత్సాహం చూడముచ్చటగా ఉంది. కానీ వీధిలో అందరి కళ్ళముందు ఎత్తే చెయ్యి, పక్కింటి మనిషి చేతిని చూసి లేచే చెయ్యి కూడా. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని ఎదురుగా నిలబడి ఉంటే అద్దెకున్నవాడి చెయ్యి ఎటు లేస్తుంది?

చీటీ ఓటైనా లెక్కించే తీరులో ఒక కిటుకుంది. మన సొసైటీలో అరవై ఫ్లాట్లు అనుకుందాం. మూడు దారులు: ట్యాంకర్లు పెంచడం, సంపు మరమ్మతు, వాన నీటి ఇంకుడు గుంత. ఒక్కరికి ఒక్క ఓటు అంటే ట్యాంకరుకు 24, సంపుకు 20, గుంతకు 16. ట్యాంకరు నెగ్గింది. కానీ సంపుకు వేసిన ఇరవై మందీ, గుంతకు వేసిన పదహారు మందీ ట్యాంకరును అన్నిటికన్నా అడుగున పెట్టేవాళ్ళే. అంటే అరవైలో 36 ఇళ్ళు వద్దనుకున్నది నెగ్గింది. ఇప్పుడు చీటీ మీద ఒకటి రెండు మూడు అని వరస రాయమందాం. మొదటిదానికి రెండు మార్కులు, రెండోదానికి ఒకటి, మూడోదానికి సున్నా. ట్యాంకరువాళ్ళ రెండో కోరిక సంపు. సంపువాళ్ళ రెండో కోరిక గుంత. గుంతవాళ్ళది సంపు. కూడి చూడండి: ట్యాంకరుకు 48, గుంతకు 52, సంపుకు 80. మనుషులు మారలేదు, మనసులూ మారలేదు, లెక్క మారింది, అంతే.

ఈ మార్కుల పద్ధతి 18వ శతాబ్దపు ఫ్రెంచివాడు బోర్డాది. ఇదీ లోపం లేనిది కాదు. పోటీలో లేనిపోని నాలుగో దారిని ఇరికించి మార్కులు తారుమారు చేయవచ్చు. అసలు ఏ లెక్కా అన్ని విధాలా న్యాయంగా ఉండదని 1951లో కెనెత్ ఆరో గణితంతో నిరూపించాడు. ఆ నిరాశను తీసుకుని, అయితే ఏయే సమాచారం కలుపుకుంటే దారి దొరుకుతుందని తరచి చూసిన అమర్త్య సేన్ 1963 నుంచి 1971 దాకా మన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనే పాఠం చెప్పారు. ఉమ్మడి ఎంపిక మీద ఆయన పెద్ద పుస్తకం 1970లో వచ్చింది. సొసైటీ కమిటీలకు అంత గణితం అక్కర్లేదు. ఆండ్రే డెల్బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ 1971లో కూర్చిన వరస చాలు: ముందు మౌనంగా రాయడం, తర్వాత గదిచుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్కటి మాత్రమే వినడం, అర్థంకానిది అడగడం, చివర ఎవరికి వారే చీటీ మీద వరస రాయడం. మాటలు మధ్యలో ఉంటాయి. రెండు కొసల్లోనూ కాగితమే.

ఇంతవరకూ గదిలో ఉన్నవాళ్ళ సంగతి. నోటుబుక్కు దగ్గరికి వద్దాం.

1985లో గారల్డ్ స్టాసర్, విలియం టైటస్ ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. నలుగురు కూర్చుని అభ్యర్థుల్లోంచి ఒకరిని ఎంచుకోవాలి. సమాచారాన్ని ముక్కలు చేసి పంచారు. కొన్ని సంగతులు నలుగురికీ తెలుసు, కొన్ని ఒక్కొక్కరికే తెలుసు. ఆ ఒక్కొక్కరి దగ్గరున్నవి కలిపితేనే మంచి అభ్యర్థి ఎవరో తేలుతుంది. కలపడానికే కదా కూర్చోబెట్టారు! కానీ చాలా బృందాలు అందరికీ ముందే తెలిసినవాటినే తిరగమోత పెట్టి, తప్పు మనిషిని ఎంచుకున్నాయి. అందరికీ తెలిసిన మాట అంటే ఎదురుగా తలలూగుతాయి. ఒక్కడికే తెలిసిన మాట అంటే 'నీకెవరు చెప్పారు?' అంటారు.

మన ద్వారక సొసైటీలో ఆ నోటుబుక్కు బయటపెట్టబోయే సంగతి, ఆ ఒక్కడికే తెలిసిన మాట, ఇప్పటికే పంపు ఆపరేటరు దగ్గరుంది. జల్ బోర్డు నీళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయి, బాగానే వస్తాయి. అయితే రాత్రి పదకొండింటికి ట్యాంకరు వచ్చి సంపు నింపిపోతోంది. సంపు నిండుగా ఉంటే బంతి పైకి తేలి వాల్వు మూసుకుంటుంది, నాలుగింటికి వచ్చిన నీళ్ళు లోపలికి రావు. నీళ్ళు చాలడం లేదని ట్యాంకరు పెంచితే బోర్డు నీళ్ళు ఇంకా తగ్గుతాయి. తగ్గాయని మళ్ళీ ట్యాంకరు పెంచుతారు. రాత్రి చప్పుడు గురించి టీచరమ్మ రాసిన ఫిర్యాదే ఇక్కడ అసలు చికిత్స. అది ఆమెకు తెలియదు. పంపు ఆపరేటరును ఎవరూ మీటింగుకు పిలవరు, ఆయన ఫ్లాటు యజమాని కాదు గనక.

ఊళ్ళోని దినదిన సమస్యలను బల్లల చుట్టూ కూర్చుని తీర్చుకోవాలని ఢిల్లీ చేసిన అతి పెద్ద ప్రయత్నాన్ని ఈ వెలుగులోనే చూడాలి. షీలా దీక్షిత్ ముఖ్యమంత్రిగా ఉండగా 2000 జనవరిలో 'భాగీదారీ' మొదలైంది. ఏషియన్ సెంటర్ ఫర్ ఆర్గనైజేషన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అనే సంస్థ దాని మీటింగుల పద్ధతిని దిద్దింది. ఒక్కో వర్క్‌షాపులో వందలమంది, రెండుమూడు రోజులు. సభలా వరసలు ఉండవు, గుండ్రటి బల్లలు. ఒక్కో బల్లకూ కావాలనే కలగలిపి కూర్చోబెడతారు: కాలనీ సంఘం ప్రతినిధులు, జల్ బోర్డు ఇంజినీరు, కార్పొరేషను అధికారి, కరెంటాఫీసు మనిషి, పోలీసు. ముందు బల్లమీద, తర్వాత హాలంతా. 1980లలో ఫోర్డ్ కార్ల కంపెనీ ఇలాంటి కలగలుపు బల్లలను వాడుకుంది. కౌంటరు అవతల నిలబడి నెలల తరబడి అడుక్కున్న మనిషి, అదే ఇంజినీరు పక్కన కూర్చుని టీ తాగుతూ లైను ఎక్కడ పగిలిందో గీసి చూపించడం ఢిల్లీకి కొత్త.

నీటి బిల్లుల పంపిణీ, పార్కుల పోషణ, వాన నీటి ఇంకుడు గుంతలు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళ పోలీసు వెరిఫికేషను లాంటి పనులు ఈ బల్లల మీద ఒప్పందాలయ్యాయి. ఇరవై సంఘాలతో మొదలైనది కొన్నేళ్ళలో వెయ్యి దాటింది. 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం కూడా వచ్చింది. అదే ఏడాది కరెంటు చార్జీలు పెరిగితే కాలనీ సంఘాలు ప్రభుత్వం మీదికే లేచాయి. బల్ల దగ్గర కూర్చోవడం నేర్చిన మనిషి బల్ల గుద్దడం కూడా నేర్చుకుంటాడు. దాన్ని నేను పథకం విజయంగానే లెక్కేస్తాను.

పద్ధతి మంచిదే. పిలుపుల జాబితాలోనే లోటుంది. ఆషర్ గెర్ట్‌నర్ అనే భూగోళ శాస్త్రవేత్త 2011లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పట్టుకుంది: బల్ల దగ్గర చోటు దక్కింది గుర్తింపు పొందిన కాలనీల ఇంటి యజమానుల సంఘాలకు. జుగ్గీల్లో ఉండేవాళ్ళకు ఓటుంది, కార్పొరేటరు ఉన్నాడు, బల్ల మాత్రం లేదు. కార్పొరేటరును చుట్టుతిరిగి పోయే కొత్త దారి ఒకటి అధికారుల దగ్గరికి పడింది, ఆ దారి మీద నడిచే హక్కు ఇల్లున్నవాడిది. పనిమనిషి వెరిఫికేషను గురించి మాట్లాడుకున్న బల్లకు పనిమనిషిని పిలవలేదు. స్టాసర్, టైటస్ లెక్కలో చెప్పాలంటే సమాచారపు ముక్కలు పంచేటప్పుడే కొన్ని డబ్బా బయట పడిపోయాయి. చర్చ ఎంత బాగా నడిపినా వాటిని తిరిగి తేలేం.

సొసైటీ బైలాల ప్రకారం ఓటు సభ్యులకే. దాన్ని మార్చడానికి జనరల్ బాడీ, రిజిస్ట్రారు, ఏళ్ళు పడుతుంది. కానీ రాసే కాగితం ఎవరికివ్వాలో ఏ బైలాలోనూ లేదు. మీటింగుకు మూడు రోజుల ముందు గార్డుకు, పంపు ఆపరేటరుకు, లిఫ్టు చూసే అబ్బాయికి, పొద్దున్నే చెత్త తీసుకెళ్ళే మనిషికి, అద్దెకున్నవాళ్ళకు ఒక్కో చీటీ ఇవ్వవచ్చు. హిందీలో రాయనీ, భోజ్‌పురీలో చెప్పి పిల్లలతో రాయించనీ. పేరు అక్కర్లేదు. పేరు పెట్టమంటే పంపు ఆపరేటరు రాత్రి ట్యాంకరు సంగతి రాయడు, ట్యాంకరు కాంట్రాక్టు ఏ కమిటీ మెంబరు కుదిర్చాడో ఆయనకు తెలుసు. ప్రశ్న కూడా సరిగా అడగాలి. 'సలహాలివ్వండి' అంటే ఖాళీ చీటీలే వస్తాయి. 'నిన్న రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నీళ్ళ విషయంలో ఏం చూశారు?' అంటే నాలుగు వాక్యాలు వస్తాయి. ఆ చీటీలను మీటింగు మొదలవగానే, మొదటి వరసలోని వాళ్ళు లేవకముందే, సెక్రటరీగారు చదవాలి.